రోడ్డు మరమ్మతుకు ఊరినీ ఆఫీసునూ ఒప్పించడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: ఊరి నుంచి మండల కేంద్రానికి 11 కిలోమీటర్ల సింగిల్ బీటీ (తారు) రోడ్డు. మూడేళ్లలో రెండుసార్లు ప్యాచ్‌లు వేశారు, రెండు నెలలకే లేచిపోయాయి. అర్జీలు ఇచ్చారు, గుంతల్లో వరినాట్లు వేశారు, ఎమ్మెల్యే గారిని కలిశారు. ఆఫీసులో ‘నిధులు లేవు’ అంటున్నారు, ఊళ్లో ‘ఎవరు చేస్తారులే’ అంటున్నారు. ఈ ఇద్దరినీ కదిలించేదెలా?

ముందు ‘నిధులు లేవు’ సంగతి చూద్దాం. ఆ మాటను అబద్ధమని కొట్టిపారేయకండి, అలాగని విని వెనక్కీ వచ్చేయకండి. రాష్ట్ర బడ్జెట్‌లో రోడ్లు, వంతెనల ఖర్చు రెండు పద్దుల్లో ఉంటుంది. కొత్త రోడ్డు, వెడల్పు చేయడం, వంతెన కట్టడం 5054 పద్దు. అది మూలధన వ్యయం. దానికి నాబార్డు గ్రామీణ మౌలిక సదుపాయాల నిధి (ఆర్‌ఐడీఎఫ్) రుణం దొరుకుతుంది, బ్యాంకు అప్పు దొరుకుతుంది, శిలాఫలకం మీద పేరు కూడా పడుతుంది. గుంతలు పూడ్చడం, బెర్ములు (తారు అంచుల పక్కన ఉండే మట్టి భాగం) చెక్కడం, కల్వర్టులో పూడిక తీయడం 3054 పద్దు, రెవెన్యూ వ్యయం. జీతాలు, పింఛన్లు, సబ్సిడీలు వెళ్లే సంచీలోంచే ఇదీ రావాలి. ఖజానా బిగుసుకున్నప్పుడు జీతం ఆపలేరు, పింఛను ఆపలేరు. కల్వర్టు పూడిక తీయకపోతే ఆ రోజు అడిగేవాళ్లెవరూ ఉండరు, కాబట్టి కోత ముందు దానికే పడుతుంది. ఆ అడిగేవాళ్లు మీరు కావాలి, అదీ సరైన నెలలో, కొలతలతో.

ఇందులోంచే చాలా ఊళ్లు చేసే మొదటి పొరపాటు తెలుస్తుంది. ఎలాగూ అడుగుతున్నాం కదా అని ‘డబుల్ రోడ్డు కావాలి’ అని రాస్తారు. ఆ ఒక్క మాటతో మీ కాగితం 3054 నుంచి 5054కి దూకుతుంది. అంచనా పదింతలవుతుంది, భూసేకరణ, విద్యుత్ స్తంభాలు, చెట్లు అన్నీ తోడొస్తాయి, ఫైలు సచివాలయానికి పోయి కూర్చుంటుంది. పైగా ‘ఈ రోడ్డు విస్తరణ ప్రతిపాదనలో ఉంది, ఇప్పుడు మరమ్మతుకు ఖర్చు పెడితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది’ అని ఉన్న రోడ్డును కూడా వదిలేస్తారు. విస్తరణ కావాలనుకుంటే వేరే అర్జీగా ఇవ్వండి. మరమ్మతు అర్జీలో దాని ఊసే ఎత్తకండి. ఇప్పటికే ప్రతిపాదనలో ఉందని చెబితే, ‘పని మొదలయ్యేదాకా తాత్కాలిక నిర్వహణ ఎవరిది, ఏ పద్దు కింద?’ అని రాతపూర్వకంగా అడగండి.

రోడ్డు ఎవరిదో తేల్చుకోవడం రెండోది. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ ఉంటే గ్రామీణ రోడ్డు. కానీ రాళ్లు విరిగిపోయి ఉంటాయి, రంగులు మారిపోయి ఉంటాయి. రోడ్లు భవనాల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసులోనూ పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ ఏఈ ఆఫీసులోనూ రోడ్డు రిజిస్టరు ఉంటుంది. రెండుచోట్లా అడిగి రోడ్డు పేరు, నంబరు, మొదలూ చివరా ఏ కిలోమీటరో రాసుకోండి. మీ 11 కిలోమీటర్లలో మధ్యలో ఊరు తగిలితే ఆ ముక్క గ్రామ పంచాయతీదో మున్సిపాలిటీదో అయి ఉండవచ్చు. సరిహద్దు దగ్గర ఇద్దరూ ‘నాది కాదు’ అనే రెండు వందల మీటర్లలోనే సాధారణంగా అతి పెద్ద గుంతలు ఉంటాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డయితే మీ పని తేలిక. ఆ పథకంలో నిర్మాణం పూర్తయ్యాక ఐదేళ్లు వేసిన కాంట్రాక్టరే నిర్వహించాలి. ఆ మాట అగ్రిమెంటులోనే ఉంటుంది, రోడ్డు మొదట్లో పెట్టే బోర్డు మీద ఏటా నిర్వహణకు ఎంతో కూడా రాస్తారు. జాతీయ రహదారి మీద గుంతకు 1033 నంబరు ఉంది. మీ రోడ్డుకు అది పనికిరాదు.

ఇక అసలు పని, కొలతలు. ‘రోడ్డు అధ్వానంగా ఉంది’ అన్న వాక్యంతో ఇంజనీరు ఏమీ చేయలేడు. ఆయన అంచనా వేయాలంటే ఎక్కడ, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నది కావాలి. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు, ఒక 5 మీటర్ల టేపు, ఒక నిటారు కర్ర, ఒక సుద్దముక్క, ఫోను ఉంటే 11 కిలోమీటర్లు రెండు ఉదయాల్లో అయిపోతుంది. 200 మీటర్లకొక చిన్న రాయి ఉంటుంది, దాన్ని ఆధారం చేసుకుని ‘3/400 దగ్గర ఎడమ పక్క’ అని, అంటే మూడో కిలోమీటరు రాయి దాటాక 400 మీటర్ల దగ్గర అని రాయండి. రాయి లేకపోతే బండి మీటరుతో కొలిచి రోడ్డు అంచున సున్నంతో గుర్తు పెట్టుకోండి. గుంత గుండ్రంగా ఉన్నా దాన్ని కప్పే దీర్ఘచతురస్రం పొడవు, వెడల్పు తీసుకోండి. రేపు పని చేసేటప్పుడు కోసేది ఆ చతురస్రమే. గుంత మీద కర్ర అడ్డంగా పెట్టి, కర్ర అడుగు నుంచి లోతు కొలవండి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 82 అనే నియమావళిలో బీటీ రోడ్ల నిర్వహణ ప్రమాణాలున్నాయి. అందులో జిల్లా, గ్రామీణ రోడ్లకు గుంతల విస్తీర్ణం మొత్తం ఉపరితలంలో 1 శాతం దాటితే ఆ భాగం పరిస్థితి ‘పూర్’ అని లెక్క. సింగిల్ రోడ్డు వెడల్పు 3.75 మీటర్లు, అంటే కిలోమీటరుకు 3,750 చదరపు మీటర్లు. అందులో 1 శాతం 37.5 చదరపు మీటర్లు. నాలుగో కిలోమీటరులో 46 గుంతలు కలిపి 41 చదరపు మీటర్లు తేలిందనుకోండి, 1.1 శాతం. ఆ కిలోమీటరు గురించి మీరిక విశేషణాలు వాడక్కర్లేదు. ‘ఐఆర్‌సీ 82 ప్రకారం పూర్’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. ఏ కిలోమీటరుకు ఆ కిలోమీటరు విడిగా లెక్క కట్టండి. మొత్తం 11 కిలోమీటర్లు కలిపి సగటు తీస్తే బాగున్న చోటు బాగాలేని చోటును కప్పేస్తుంది. విడివిడిగా తీస్తే ‘11 కిలోమీటర్లకూ డబ్బు లేదు’ అనే అధికారి ‘ఆ రెండున్నర కిలోమీటర్లు చూద్దాం’ అనగలుగుతాడు. ఆయనకు ఆ వీలు మీరే కల్పించాలి.

పరిమాణం కూడా మీరే కట్టి చూపించవచ్చు. 41 చదరపు మీటర్లు, సగటు లోతు 5 సెంటీమీటర్లు అంటే సుమారు 2 ఘనపు మీటర్లు. దట్టించిన తారు మిశ్రమం ఘనపు మీటరు దాదాపు 2.3 టన్నులు తూగుతుంది, కాబట్టి 4.7 టన్నులు. ఒక చిన్న టిప్పరు కూడా నిండదు. అదే కిలోమీటరుకు 25 మిల్లీమీటర్ల మందంతో రెన్యువల్ పొర, అంటే రోడ్డంతా కొత్త తారు పొర వేస్తే 215 టన్నులు. ధర మాత్రం మీరు వేయకండి. ఏటా మారే ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్లు, రవాణా దూరం, పన్నులు ఆఫీసు చూసుకుంటుంది, మీరు వేసిన రేటు తప్పయితే మిగతా కొలతల్ని కూడా పక్కన పెట్టేస్తారు.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. ‘నిర్వహణ మూడేళ్లు వాయిదా వేస్తే ఖర్చు 6 రెట్లు, ఐదేళ్లు వేస్తే 18 రెట్లు’ అన్న దక్షిణాఫ్రికా జాతీయ రహదారుల సంస్థ లెక్క చాలాచోట్ల తిరుగుతుంటుంది. 1994లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా ఆఫ్రికాలో వేళకు 12 బిలియన్ డాలర్లు ఖర్చుపెట్టి ఉంటే 45 బిలియన్ డాలర్ల పునర్నిర్మాణం తప్పేదని చెప్పింది. ఊళ్లో సభలో ఇవి చెప్పండి, బాగా ఎక్కుతాయి. ఇంజనీరుకిచ్చే కాగితంలో మాత్రం ఆ గుణకాన్ని మీ రోడ్డుకు అంటగట్టకండి. నల్లరేగడి మీద, డెల్టాలో, మీ వానలకు లెక్క వేరుగా ఉంటుందని ఆయనకు తెలుసు.

ప్యాచ్‌లు రెండు నెలలకే ఎందుకు లేస్తున్నాయి? కాంట్రాక్టరు తిన్నాడన్నది అందరూ చెప్పే జవాబు. కొన్నిసార్లు నిజమే. కానీ ఎక్కువసార్లు దోషి నీళ్లు. బీటీ రోడ్డుకు మధ్యలో ఎత్తు, అంచులకు వాలు ఉండాలి. 2.5 శాతం వాలంటే 3.75 మీటర్ల రోడ్డుకు మధ్య నుంచి అంచుకు దాదాపు 4.7 సెంటీమీటర్లు పల్లం. బెర్ము అంతకంటే ఇంకొంచెం ఎక్కువ వాలుగా ఉండాలి. మన రోడ్ల మీద జరిగేది తలకిందులు. గడ్డి, దుమ్ము, కాలువలోంచి తోడిపోసిన మట్టి పేరుకుని బెర్ము రోడ్డుకంటే ఎత్తవుతుంది. వాన నీరు అంచునే నిలుస్తుంది, తారుకూ కంకరకూ మధ్య జారుతుంది, లారీ చక్రం పడ్డప్పుడల్లా ఆ నీరు ఒత్తిడికి పైకి చిమ్మి కంకర మీద తారును ఊడగొడుతుంది. అక్కడ మీరెంత మంచి ప్యాచ్ వేసినా దాని పక్కనే ఇంకో గుంత పుడుతుంది.

అందుకే అర్జీలో మొదటి కోరిక బెర్ము కటింగు, కల్వర్టుల పూడికతీత. రెండోది ప్యాచ్‌లు. మూడోది రెన్యువల్. మొదటిదానికి పెద్ద టెండరు అక్కర్లేదు, ఒక జేసీబీ, రెండు మూడు రోజులు. చిన్న కోరిక కాబట్టి ఏఈ స్థాయిలోనే ‘సరే’ అనే అవకాశం ఎక్కువ. ఒకసారి సరే అన్నాక ఆ రోడ్డు ఆయన లెక్కలోకి వస్తుంది.

ఇక్కడే ఊరి వంతు మొదలవుతుంది, ఇక్కడే చాలా ఉద్యమాలు ఆగిపోతాయి. ఎందుకంటే కాలువ పూడ్చింది మనమే. ఇంటి ముందు ర్యాంపు కట్టి సైడు కాలువను మూసేస్తాం. కింద ఒక్క తూము కూడా పెట్టం, పెట్టినా నాలుగంగుళాల పీవీసీ పైపు పెడతాం, మొదటి వానకే అది పూడుకుంటుంది. ర్యాంపు కింద కనీసం 300 మిల్లీమీటర్ల సిమెంటు తూము ఉండాలి. పొలం మీద నీళ్లు రోడ్డు మీదుగా పక్క పొలానికి వదులుతాం. కొళాయి పైపు కోసం రోడ్డు అడ్డంగా కోసి, తవ్విన మట్టినే తిరిగి పోసి వదిలేస్తాం. డెల్టాలో అయితే చేపల చెరువు గట్టు రోడ్డు గట్టుకు ఆనుకుని ఉంటుంది. చెరువులో నీటి మట్టం రోడ్డు పునాదికంటే పైన ఉంటే ఆ నల్లమట్టి ఏడాది పొడవునా తడిగానే ఉంటుంది, తడిసిన నల్లరేగడి బరువు మోయదు. చెరువు గట్టుకూ రోడ్డుకూ మధ్య కాలువ లేకుండా ఆ ముక్కను బాగుచేయమని అడగడం దండగ.

కేజ్‌వీల్స్ (దమ్ము చేయడానికి ట్రాక్టరుకు బిగించే ఇనుప చక్రాలు) మాట వేరే చెప్పాలి. దమ్ము సీజనులో ఇనుప చక్రాలతో ట్రాక్టరు బీటీ రోడ్డు ఎక్కిందంటే ఒక్క ట్రిప్పుతో పొర మీద వరసగా గాట్లు పడతాయి. ఆ గాట్లలోకి నీళ్లు దిగుతాయి. నిషేధం ఉంది, ఫిర్యాదు చేస్తే పోలీసులు బండి ఆపుతారు, కానీ ఊళ్లో ట్రాక్టరున్న ప్రతి రైతుతోనూ గొడవ పెట్టుకుని రోడ్డు ఉద్యమం నడపలేరు. చక్రాలు పొలం గట్టు దగ్గరే బిగించుకోవడం, లేదా ట్రక్కులో వేసుకుని తీసుకెళ్లడం అని రైతులతోనే ఒక కట్టుబాటు పెట్టించండి. సీజనుకు ముందు, అంటే జూన్‌లో పెట్టించాలి. ఆగస్టులో చెబితే తిట్టించుకోవడమే.

ఊరిని ఒప్పించడానికి ఉపన్యాసం పనిచేయదు. రెండు పనులు చేయండి. ఒకటి, వాన పడుతున్నప్పుడూ వాన ఆగిన గంట తర్వాతా అవే చోట్ల ఫోనుతో వీడియో తీసి, రచ్చబండ దగ్గర పక్కపక్కన చూపించండి. ఎవరి ర్యాంపు దగ్గర నీళ్లు ఆగాయో మీరు పేరెత్తక్కర్లేదు, వాళ్లే చూసుకుంటారు. రెండు, డబ్బు లెక్క. 11 కిలోమీటర్లు గంటకు 40 చొప్పున వెళ్తే 17 నిమిషాలు, 18 చొప్పున వెళ్తే 37. రోజూ వెళ్లొచ్చేవాడికి 40 నిమిషాలు పోతున్నాయి. ఆటో స్టాండులో ఐదుగురిని ఒప్పించి మూడు నెలలపాటు షాక్ అబ్సార్బర్లు, బేరింగులు, టైర్ల బిల్లులు దాచమనండి. ఆ బిల్లుల కట్ట ఊరి సభలోనూ పనికొస్తుంది, కలెక్టరు ముందూ పనికొస్తుంది. ‘మనం పన్ను కట్టడం లేదు కదా, ఏం అడుగుతాం’ అనేవాళ్లకు చెప్పండి: లీటరు పెట్రోలు, డీజిల్ మీద కేంద్రం రోడ్లు, మౌలిక సదుపాయాల సెస్సు వసూలు చేస్తోంది, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో లీటరుకు రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు కూడా మొదలుపెట్టింది. బండి కిక్ కొట్టిన ప్రతివాడూ కడుతున్నాడు.

రోడ్డు మీద ఇసుక, గ్రావెల్, గ్రానైటు బళ్లు నడుస్తుంటే ఇంకో అధ్యాయం తెరవాలి. రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుందని 1958-60లో అమెరికాలో ఇల్లినాయ్‌లో ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) చేసిన రోడ్డు పరీక్ష తేల్చింది. అంటే బరువు 20 శాతం పెరిగితే నష్టం రెట్టింపు, 50 శాతం పెరిగితే ఐదు రెట్లు. మన రోడ్ల డిజైన్లలో లెక్కకు కొలమానంగా తీసుకునే ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. 2018లో నాలుగు టైర్ల సింగిల్ ఇరుసుకు చట్టబద్ధ పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచారు. అంటే ఓవర్‌లోడు లేని బండి ఇరుసు కూడా నష్టంలో ప్రామాణిక ఇరుసులు నాలుగింటికి సమానం. పది టైర్ల టిప్పరు నిండు లోడుతో వెళ్తే సుమారు ఐదు ప్రామాణిక ఇరుసుల నష్టం. రోజుకు 100 ట్రిప్పులు, ఏడాదికి 300 రోజులు అంటే లక్షన్నర. పదేళ్లకు మూడు లక్షల ఇరుసుల లెక్కన వేసిన పల్లె రోడ్డు ఆయుష్షు రెండేళ్లకు అయిపోతుంది. కాబట్టి ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా మూడు రోజులు లోడు బళ్లు లెక్కపెట్టి రాయండి. ఓవర్‌లోడుకు మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకూ మరో 2,000. వే బిల్లుల (సరుకు రవాణా పర్మిట్ల) తనిఖీ రవాణా శాఖ, గనుల శాఖల పని. ఆ అర్జీ విడిగా వాళ్లకివ్వండి. గనుల ప్రభావిత ప్రాంతమైతే జిల్లా ఖనిజ నిధి నుంచి రోడ్డుకు అడిగే దారి కూడా ఉంది, ఆ నిధి కలెక్టరు చేతిలో ఉంటుంది.

ఇక అర్జీ. ఒక పేజీ దాటకూడదు, ఒక రోడ్డు గురించే ఉండాలి. వీధిదీపాలు, శ్మశానం దారి, బస్సు షెల్టరు అందులో కలపకండి. కలిపితే ఏ గుమాస్తా ఏ సెక్షనుకు పంపాలో తెలియక ‘తగు చర్య నిమిత్తం’ అని ఎంపీడీఓకి పంపేస్తాడు. ఇలా ఉంటే చాలు:

“కార్యనిర్వాహక ఇంజనీరు గారికి. విషయం: ఫలానా ఊరు నుంచి ఫలానా ఊరు రోడ్డు, కి.మీ. 0/000 నుంచి 11/000, నిర్వహణ గురించి. ఈ నెల 6, 7 తేదీల్లో కొలిచిన పట్టిక జతపరిచాము. 4వ, 5వ కిలోమీటర్లలో గుంతలు ఉపరితలంలో 1 శాతం దాటాయి. 3/400, 4/200 వద్ద కల్వర్టులు పూడి, వాన ఆగిన గంటకు కూడా రోడ్డు మీద నీరు నిలుస్తోంది. కోరుతున్నవి: ఒకటి, 3/000 నుంచి 5/400 వరకు బెర్ము కటింగు, రెండు కల్వర్టుల పూడికతీత, ఈ నవంబరులోగా. రెండు, అదే భాగంలో ప్యాచ్‌లు, జనవరిలోగా. మూడు, 3/000 నుంచి 5/400 వరకు రెన్యువల్‌ను వచ్చే ఆర్థిక సంవత్సరం ప్రతిపాదనల్లో చేర్చడం. ర్యాంపుల కింద తూములు వేసుకునేందుకు గ్రామసభ తీర్మానం చేసింది, నకలు జతపరిచాము.”

ఆ చివరి వాక్యం చాలా విలువైంది. వచ్చిన వందమందిలో ‘మా వంతు ఇదీ’ అని చెప్పినవాడు ఆఫీసరుకు గుర్తుండిపోతాడు.

ఎవరిని ఎప్పుడు కలవాలి? ముందు ఏఈ గారిని. ఆయనను దాటేసి నేరుగా కలెక్టరు దగ్గరికెళ్తే, తిరిగి నివేదిక రాయాల్సింది ఆయనే, మనసులో పెట్టుకుని రాస్తారు. ఆయనను రోడ్డు మీదికి పిలిచి మీ పట్టికను ఆయన పట్టికతో సరిచూడమనండి. తర్వాత ఆయన పైన డీఈఈ (డిప్యూటీ ఈఈ), ఆ పైన ఈఈ (కార్యనిర్వాహక ఇంజనీరు). వీటితో కదలకపోతే సోమవారం కలెక్టరేటులో ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, తెలంగాణలో ప్రజావాణి. రసీదు నంబరు ఉంటుంది, ‘పరిష్కరించాం’ అని ఉత్తుత్తిగా మూసేస్తే ఆ నంబరుతోనే తిరిగి తెరిపించండి. ఆర్టీసీ డిపో మేనేజరు నుంచి ‘ఈ రూటులో సర్వీసు సమయం ఇన్ని నిమిషాలు పెరిగింది’ అని ఒక లేఖ సంపాదించగలిగితే అది వంద సంతకాల పెట్టు, ఎందుకంటే అది ఒక శాఖ ఇంకో శాఖకు చెప్పే మాట. 108 సిబ్బంది, బడి బస్సు యాజమాన్యం, రైసు మిల్లర్లు తర్వాత. ఎమ్మెల్యే గారి దగ్గరికి ఈఈకి ఇచ్చిన కాగితం నకలుతో, ఆ ఫైలు ఎక్కడ ఆగిందో తెలుసుకుని వెళ్లండి. ‘రోడ్డు వేయించండి’ అంటే ఆయన ‘అలాగే’ అంటారు. ‘ఎస్‌ఈ (ఈఈ పైనుండే సూపరింటెండింగ్ ఇంజనీరు) గారి దగ్గర అంచనా ఆగింది, ఫోను చేయండి’ అంటే అక్కడికక్కడే చేస్తారు.

నెలలు చాలా ముఖ్యం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నీళ్ల సాక్ష్యం సేకరించే కాలం. అప్పుడు వేడి మిక్సు ప్లాంట్లు సరిగా నడవవు, తడి గుంతలో వేడి తారు పట్టదు. వానల్లో అత్యవసరమైతే వేడి చేయకుండానే వేసే రెడీమేడ్ కోల్డ్ మిక్సు అడగండి. కొలతల అర్జీ సెప్టెంబరులో పడాలి, ఎందుకంటే శాఖలు వచ్చే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలు అక్టోబరు, నవంబరుల్లో తయారుచేస్తాయి. మార్చిలో ఇచ్చిన అర్జీకి ఏడాది ఆలస్యం ఖాయం. డిసెంబరు నుంచి మే దాకా పని కాలం. టెండరు పిలిచినా ఎవరూ వేయకపోతే కంగారు పడకండి. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు వెనకాడటం మామూలే, అప్పుడు మీ ఒత్తిడి ఈఈ మీద కాక బిల్లులు విడుదల చేసే చోట పడాలి.

కాంట్రాక్టరు బాధ్యత ఇంకా మిగిలి ఉందేమో చూడకుండా కొత్త నిధులు అడగకండి. పనికి డిఫెక్ట్ లయబిలిటీ కాలం, అంటే లోపం వస్తే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాల్సిన గడువు, అగ్రిమెంటులో ఎంత రాస్తే అంత. దాన్ని సమాచార హక్కుతో తెలుసుకోవాలి. ‘ఎందుకు పాడైంది?’ అని అడిగితే ‘ప్రశ్నకు సమాధానం సమాచారం కాదు’ అని తిరగ్గొడతారు. రికార్డులు అడగండి: అగ్రిమెంటు నకలు, పని పూర్తయిన తేదీ, లయబిలిటీ ముగిసే తేదీ, మెజర్‌మెంట్ బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఆ పని పేజీలు, నాణ్యత పరీక్షల రిపోర్టులు, కాంట్రాక్టరు కట్టిన డిపాజిట్ తిరిగిచ్చారా లేదా. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్ల కార్డుంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో ఇవ్వకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. 2005 నాటి ఆ చట్టం సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు కూడా మీకున్నాయి. చాలామంది ఇది వాడరు. లయబిలిటీ ముగియడానికి మూడు నెలల ముందు మీ కొలతల పట్టికను రిజిస్టర్డ్ పోస్టులో ఈఈకి పంపితే, డిపాజిట్ విడుదల ఫైలు మీద ఆ కాగితం పడి ఉంటుంది. ఒక జాగ్రత్త: గుంతల్లో ఇటుక ముక్కలు, మట్టి మీరే పోయకండి. వానకు బురదవుతుంది, పైగా ‘గ్రామస్తులు కెలికారు’ అనే సాకు కాంట్రాక్టరుకు దొరుకుతుంది. ప్రమాదకరమైన గుంత చుట్టూ సున్నం గీసి, ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతండి.

ప్రమాదం జరిగితే కేసు ఎలా రాస్తారన్నది చూసుకోండి. గుంత తప్పించబోయి పడ్డా ఎఫ్‌ఐఆర్‌లో ‘అతివేగం, నిర్లక్ష్యం’ అనే పడుతుంది. కిలోమీటరు సంఖ్య, టేపు పెట్టిన గుంత ఫొటో వాంగ్మూలంతో ఇస్తే రికార్డు మారుతుంది. 2013 నుంచి 2017 దాకా గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్కను చూసి 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇది సహించరానిదని చెప్పింది. ఆ మరుసటేడు మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, నిర్వహణ ప్రమాణాలు పాటించనందువల్ల మరణమో అంగవైకల్యమో కలిగితే బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఈ సెక్షన్‌ను మొదటి అర్జీలోనే బెదిరింపుగా రాయకండి. కలెక్టరు అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి ప్రమాదాల జాబితా ఇచ్చేటప్పుడు రాయండి. అక్కడ ఎస్పీ, రవాణా, రోడ్ల శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి.

వరినాట్ల నిరసన గురించి: ఫొటో బాగుంటుంది, మర్నాడు పేపర్లో జిల్లా ఎడిషన్‌లో వస్తుంది, అంతటితో సరి. చేయాలనుకుంటే అదే రోజు అదే చోటికి డీఈఈ గారిని పిలిచి, పట్టిక చేతికిచ్చి, తేదీ రాయించుకోండి. రాస్తారోకో చేస్తే కేసులు పడతాయి, అంబులెన్సు ఆగితే సానుభూతి పోతుంది.

పని మంజూరైతే రోడ్డు దగ్గర ఒక మనిషి ఉండాలి. గుంత అంచులు నిటారుగా, చతురస్రంగా కోయాలి. అడుగున గట్టి పొర తగిలేదాకా వదులు కంకర తీసేయాలి, దుమ్ము ఊడ్చాలి, తడి ఉండకూడదు. తర్వాత అడుగుకూ పక్కలకూ ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు, జిగురులా పనిచేస్తుంది) పూయాలి, చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాములు. ఎమల్షన్ గోధుమ రంగులో ఉంటుంది, నల్లబడ్డాకే మిక్సు పోయాలి. గోధుమ రంగు మీదే పోసేస్తే అది అంటుకోదు, మీ పాత ప్యాచ్‌లు పెచ్చులుగా లేవడానికి ఇదొక కారణం. వీజీ 30 రకం తారుతో చేసిన మిక్సు పరిచేటప్పుడు 140 డిగ్రీలు తగ్గకూడదు, 90కి పడేలోగా రోలింగు అయిపోవాలి. థర్మామీటరు ఏఈ దగ్గర ఉంటుంది, చూపించమని మర్యాదగా అడగండి. లారీ మీద టార్పాలిన్ లేకుండా వస్తే, పారతో తీస్తుంటే ముద్దలుగా విడిపోతుంటే, చల్లారిందని అర్థం. లోతు గుంతను ఒకేసారి నింపకూడదు, పొరలుగా వేసి ఒక్కో పొరా దట్టించాలి. చివరికి ప్యాచ్ రోడ్డుకంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి. పల్లంగా ఉంటే నీళ్లు నిలుస్తాయి, బాగా ఎత్తుగా ఉంటే బస్సు కుదుపుకు పక్కనే పగులుతుంది. టిప్పరు చక్రాలతో తొక్కించి ‘రోలింగు అయింది’ అంటే ఒప్పుకోకండి. చిన్న ప్యాచ్‌కు ప్లేట్ కాంపాక్టరు, లేదా చిన్న రోలరు కావాలి.

పనికి ముందూ తర్వాతా ఒక్కో ప్యాచ్‌కు కిలోమీటరు సంఖ్యతో ఫొటో తీసి పెట్టుకోండి. తొలకరి పడగానే అవే చోట్లకు వెళ్లి, వాన ఆగిన గంటకు వీడియో తీసి, నిరుటిదాని పక్కన పెట్టి డీఈఈ గారికి పంపండి. నీళ్లు ఎక్కడ ఆగాయో అక్కడే వచ్చే సెప్టెంబరు పట్టికలో మొదటి వరస.